ఇంగ్లండు బొగ్గుగని పల్లె చరిత్రను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: చీపురుపల్లి మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. నేను చీపురుపల్లి ప్రాంతంలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా ఈశాన్య ఇంగ్లండులోని డర్హమ్ కౌంటీలో, సముద్రపు ఒడ్డునే ఉన్న ఈజింగ్టన్ కాలరీ (కాలరీ అంటే బొగ్గుగని) అనే ఊళ్లో అద్దెకుంటున్నారు. నిరుటి వేసవిలో వారి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ ఊరిని చూసి కలిగిన సందేహాలను మీ ముందు పెడుతున్నాను.

ఊరి చుట్టూ పొలాలు, గొర్రెలు మేసే పచ్చిక బయళ్లు ఉన్నాయి గాని, ఊళ్లో రైతు ఇల్లు అనదగినది ఒక్కటీ నా కంటబడలేదు. ఎర్ర ఇటుకల ఇళ్లు ఒకదాని గోడకు ఒకటి ఆనుకొని బారులు తీరి ఉంటాయి; రెండు బారుల పెరళ్ల నడుమ ఒక సందు ఉంటుంది. వీధుల పేర్లు ఒక పక్క వరుసగా ‘ఎ’ అక్షరంతోను, మరో పక్క ‘బి’ అక్షరంతోను మొదలవుతాయి. పక్కనున్న హార్డెన్‌లో ఆ పాటి శ్రమ కూడా తీసుకోకుండా మొదటి వీధి, రెండో వీధి అని అంకెలు వేసి సరిపెట్టారు. కొంచెం దూరంలో ఈజింగ్టన్ అనే పేరుతోనే మరొక పాత పల్లె, అందులో ఎన్నో శతాబ్దాలనాటి రాతి చర్చి ఉన్నాయి. గని ఉన్న చోట మాత్రం ఇప్పుడు గడ్డి పెరిగిన మిట్ట, దాని మీద మనుషులను లోపలికి దింపిన ఇనుప బోను స్మారకంగా నిలబెట్టి ఉన్నాయి.

ఇలాంటి ఊరు ఎలా పుట్టింది, అక్కడి ఇళ్లు ఎవరివి, గని మూతపడగానే ఊరు ఎందుకు అంతగా చితికిపోయింది అన్నవి నా ప్రశ్నలు. వీటి వెనుక నాకొక స్వార్థం కూడా ఉంది. మన గరివిడి, గర్భాం, కోడూరు ప్రాంతపు మాంగనీసు గనుల ఊళ్ల చరిత్రను ఎవరైనా పద్ధతిగా రాస్తే బాగుండునని చాలాకాలంగా అనుకుంటున్నాను. అక్కడి స్థానిక చరిత్రకారులు ఒక్కో గని పల్లె గురించి ఎంతో వివరంగా రాసుకున్నారు కనుక, వారి పద్ధతి మనకు ఎంతవరకు పనికివస్తుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: కోట వీధి పాఠకుడు, విజయనగరం

మాస్టారికి నమస్కారం. మీరు చూసిన రెండు ఈజింగ్టన్‌లలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. చర్చి ఉన్న పాత పల్లె పొలాల మీద బతికిన ఊరు. మీ అమ్మాయి గారుంటున్నది గని కోసం కట్టిన ఊరు. అక్కడ షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి, తవ్వకం 1899లో మొదలైంది. నీటి ఊటల వల్ల పని ఏళ్ల తరబడి సాగి, బొగ్గు పైకి వచ్చేసరికి 1910 అయింది. వీధులకు వరుస అక్షరాల పేర్లు పెట్టడానికి కారణం కూడా ఇదే. తరతరాలుగా పెరిగిన ఊళ్లో వీధికి కులం పేరో, గుడి పేరో, చెరువు పేరో దానంతట అదే స్థిరపడుతుంది. ఒకే యజమాని కొద్ది కాలంలో కట్టించిన బారులకు జాబితా చూసి పేర్లు పెడతారు.

అందుచేత గని పల్లె చరిత్ర చదివేవారు ముందుగా అడగవలసినది ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న. మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. డర్హమ్, నార్తంబర్లండ్ గనుల్లో 19వ శతాబ్దంలో అధికభాగం ‘బాండు’ అనే వార్షిక ఒప్పందం నడిచింది. ఏడాదికొకసారి, సాధారణంగా వసంతకాలంలో, గని కార్మికులను పిలిపించి షరతులు చదివి వినిపించేవారు. చదువు రానివారు గుర్తు గీసేవారు. ఆ గుర్తుతో కార్మికుడు ఏడాది పాటు ఆ గనికి కట్టుబడిపోతాడు. మధ్యలో వదిలిపోతే జైలు తప్పేది కాదు. ప్రతిగా అతనికి కూలి, ఉండడానికి ఇల్లు, పొయ్యిలోకి బొగ్గు దక్కేవి. ఇల్లు ఉచితం అంటే వినడానికి బాగానే ఉంటుంది గాని, పని పోయిన రోజున నీడ కూడా పోతుందన్నది అందులోని మెలిక.

ఈ మెలిక ఎంత బలమైనదో 1832లోను, 1844లోను బయటపడింది. థామస్ హెప్‌బర్న్ నాయకత్వంలో 1831లో సమ్మె చేసి కొంత సాధించుకున్న కార్మికులను మరుసటి ఏడాది ఇళ్లలోంచి వెళ్లగొట్టి లొంగదీశారు. 1844 సమ్మెలోనూ కుటుంబాలకు కుటుంబాలు మంచాలు, కుండలతో సహా రోడ్డుపక్కన, పొలాల గట్ల మీద గుడారాలు వేసుకొని గడిపాయి. గనుల యజమాని, ప్రభువంశీకుడు అయిన లండన్‌డెరీ మార్క్విస్ మరో అడుగు ముందుకు వేసి, సమ్మెకారులకు అప్పు ఇచ్చే దుకాణదారులను తాను గుర్తుపెట్టుకుంటానని సీయమ్ రేవు పట్టణపు వర్తకులను బెదిరించాడు. ఇళ్లు, గని, రేవు అన్నీ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు ఊరు ఎలా ఉంటుందో ఈ ఒక్క సంగతి చాలు.

వార్షిక బాండు 1872లో రద్దయింది. ఈజింగ్టన్ పుట్టేనాటికే పాతికేళ్లు దాటిపోయాయి గనుక అక్కడివారు బాండు ఎరుగరు. ఇల్లు మాత్రం కంపెనీ చేతిలోనే ఉంది. 1947 జనవరి 1న గనులు జాతీయం అయినప్పుడు ఆ ఇళ్లు కూడా గనులతో పాటే ప్రభుత్వ బొగ్గు బోర్డుకు వెళ్లాయి.

జవాబు: మైనింగ్ మేట్, గరివిడి

అయ్యా, నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. మాంగనీసు గనుల్లో మైనింగ్ మేట్‌గా, అంటే గని పనిని దగ్గరుండి చూసేవాడిగా, పనిచేశాను గనుక పని గురించి నాలుగు మాటలు రాస్తాను.

మన దగ్గర మాంగనీసు నేలకు దగ్గరగానే దొరికింది కాబట్టి తవ్వకం ఎక్కువగా ఓపెన్‌కాస్ట్‌గానే సాగింది. పైమట్టి తీసి, మెట్లలాంటి బెంచీలు కట్టుకుంటూ దిగేవారు. మా మామ్మ కాలంలో మగవాళ్లు తవ్వి ఇస్తే, ఆడవాళ్లు రాయిని చిన్న సుత్తులతో కొట్టి, మట్టినీ పనికిరాని రాయినీ ఏరివేసి, నల్లరాయిని గంపలకెత్తి మోసేవారు. వానలు పడి పొలం పనులు వచ్చాయంటే గనిలో సగం మంది కనిపించేవారు కాదు. మేస్త్రీలు ఎంత అరిచినా నాట్లు అయ్యేవరకు ఆ జనం తిరిగి వచ్చేవారు కాదని మా మామ్మ చెప్పేది.

డర్హమ్ బొగ్గు అలాంటిది కాదు. షాఫ్టు నిలువుగా దిగాలి, నీరు తోడాలి, గాలి పంపాలి, పైకప్పుకు గుంజలు వేయాలి. ఈజింగ్టన్‌లో నీరు నిండిన సున్నపురాయి పొరను దాటడానికి షాఫ్టు చుట్టూ నేలను గడ్డకట్టించి, ఆ మంచుగోడ మధ్య నుంచి తవ్వారు. అంత పెట్టుబడి పెట్టినవాడు ఏడాదిలో కొన్ని నెలలే పని జరిగితే ఊరుకోడు. ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ షిఫ్టులు నడవాలి. కనుక మనుషులు షాఫ్టుకు నడిచివెళ్లే దూరంలోనే ఉండాలి. ఆ బారుల ఇళ్లు అంత బిగువుగా, గనికి అంత దగ్గరగా ఉండడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. తరువాత తరువాత అక్కడి పని సముద్రం కిందికి మైళ్ల దూరం పోయింది. షాఫ్టు దిగాక పనిచోటికి చేరడమే ఒక ప్రయాణం.

ప్రమాదాల సంగతి కూడా చెప్పాలి. 1812లో ఫెల్లింగ్ గనిలో పేలుడు జరిగి 92 మంది చనిపోయారు. గ్యాసు అంటుకోకుండా మంటకు చుట్టూ సన్నని లోహపు వల ఉండే డేవీ దీపం 1815లో వచ్చింది. మేలు చేసిన మాట నిజమే గాని, దీపం ఉందన్న ధైర్యంతో యజమానులు గ్యాసు ఎక్కువగా ఉండే చోట్లకు కూడా మనుషులను పంపారు.

నా వృత్తిలో ఉన్నవాళ్లు మరచిపోకూడనిది 1862 జనవరిలో జరిగిన హార్ట్లీ ప్రమాదం. ఆ గనికి ఉన్నది ఒకే షాఫ్టు. నీళ్లు తోడే ఇంజను తాలూకు భారీ ఇనుప దూలం విరిగి ఆ షాఫ్టులోనే పడింది. దారి మూసుకుపోయి లోపల చిక్కిన పెద్దలు, పిల్లలు ఊపిరాడక పోయారు; అంతా కలిసి 204 మంది చనిపోయారు. పేలుడు లేదు, కప్పు కూలలేదు. రెండో దారి లేకపోవడమే కారణం. ఆ ఏడాదిలోనే బొగ్గుగనికి రెండు దారులు ఉండి తీరాలని చట్టం చేశారు. మన దేశంలో కూడా భూగర్భ గనికి రెండు దారులు ఉండాలన్న నిబంధన చదివినప్పుడల్లా నాకు ఆ ఊరు గుర్తుకొస్తుంది.

ఈజింగ్టన్‌లో 1951 మే 29 తెల్లవారుజామున, బొగ్గు కోసే యంత్రం పళ్లు పైరైట్ రాయికి తగిలి నిప్పురవ్వ లేవగా గ్యాసు అంటుకుంది. ఆ మంటను లేచిన బొగ్గుధూళి దూరదూరాలకు మోసుకుపోయింది. షిఫ్టు మారే సమయం కావడంతో రెండు షిఫ్టులవాళ్లూ లోపల ఉన్నారు. 81 మంది కార్మికులు, వాళ్లను వెతకడానికి దిగిన ఇద్దరు రక్షకులు, మొత్తం 83 మంది పోయారు. అది జాతీయం అయిన తరువాత జరిగిన ప్రమాదం అన్నది గమనించండి. యజమాని మారినంత మాత్రాన గ్యాసు మారదు.

జవాబు: పలాస ఆడపడుచు, ప్రస్తుతం సండర్లండ్

మాస్టారూ, నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. పాత గని కార్మికులను చాలామందిని చూశాను. వారి చేతుల మీద, వీపు మీద సన్నని నీలి గీతలు ఉంటాయి. గని లోపల దెబ్బ తగిలినప్పుడు బొగ్గుధూళి గాయంలో ఉండిపోయి, పైన చర్మం మానిపోతే మిగిలే మచ్చలవి, పచ్చబొట్టులాగే చెరగవు. ఊపిరితిత్తుల్లో చేరిన ధూళి మాత్రం పైకి కనబడదు, ఎక్స్‌రేలో కనబడుతుంది.

ఇంతవరకు రాసిన ఇద్దరూ మగవారి పని గురించే రాశారు. 1842 చట్టం ఆడవారిని, పదేళ్లలోపు మగపిల్లలను గనిలోపలికి దించరాదని నిషేధించింది. డర్హమ్‌లో ఆడవారు అంతకు ఎంతో ముందే గనిలోకి దిగడం మానేశారు. దానివల్ల వారి పని తగ్గిందనుకోకూడదు. ఒకే ఇంట్లో భర్త ఒక షిఫ్టుకు, పెద్దకొడుకు మరో షిఫ్టుకు, చిన్నకొడుకు ఇంకో షిఫ్టుకు వెళ్తుంటే, ఒకరు వచ్చేసరికి పొయ్యి మీద పెద్ద గిన్నెల్లో నీళ్లు కాచి, రేకు తొట్టెను పొయ్యి ముందుకు లాగి, ఒళ్లు రుద్ది, తిండి పెట్టి, మసిపట్టిన బట్టలు దులిపి ఆరబెట్టి, ఆ తొట్టెను ఖాళీ చేసేలోపు ఇంకొకరు తలుపు తట్టేవారు. గనుల దగ్గరే స్నానపు గదులు కట్టించడం 1920ల తరువాతే జోరందుకుంది. ఇళ్ల మధ్య మీరు చూసిన ఆ సందులోనే బొగ్గు బండి వచ్చి కుప్ప పోసి వెళ్లేది. దాన్ని పారతో ఎత్తి పెరటి గోడకున్న కన్నంలోంచి లోపలికి వేసుకోవడం, అదే సందులో తాళ్లు కట్టి బట్టలు ఆరవేసుకోవడం, బండి వస్తే పరుగున వచ్చి తీసేయడం, ఇదంతా ఆడవారి చరిత్రే.

కంపెనీ ఊరు కట్టింది నిజమే గాని, ఊరిని ఊరుగా నిలబెట్టినది కంపెనీ కాదు. ప్రిమిటివ్ మెథడిస్టులు అనే క్రైస్తవ శాఖవారి చిన్న ప్రార్థనామందిరాలలో గని కార్మికులే ప్రసంగాలు చేశారు. నలుగురిలో నిలబడి మాట్లాడడం అక్కడ నేర్చుకున్నవారే కార్మిక సంఘానికి నాయకులయ్యారు. సహకార దుకాణాలు, పఠనాలయాలు వారు పెట్టుకున్నవే. పనిమానిన రోజున ఇల్లు ఖాళీ చేయవలసిన ముసలివారి కోసం 1898లో డర్హమ్ కార్మికులు తమ కూలిలోంచి చందాలు వేసుకొని ప్రత్యేకంగా వృద్ధుల గృహాల సంస్థను స్థాపించుకున్నారు. చిన్నప్పుడే గనిలోకి దిగిన పీటర్ లీ అనే ఆయన మెథడిస్టు ప్రసంగకుడై, 1919లో డర్హమ్ కౌంటీ కౌన్సిల్ లేబర్ పార్టీ చేతికి వచ్చినప్పుడు దానికి అధ్యక్షుడయ్యాడు. మీ అమ్మాయి గారి ఊరి పక్కనే ఉన్న పీటర్‌లీ పట్టణం ఆయన పేరుతో 1948లో మొదలైనదే.

ఇక ఊరు చితికిపోవడం గురించి. అది 1993లో ఈజింగ్టన్ గని మూతపడ్డ రోజున మొదలైనది కాదు. అదే లేబర్ కౌన్సిల్ 1951 ప్రణాళికలో ఊళ్లన్నిటినీ ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేసింది. గని అయిపోయిన, లేదా అయిపోబోతున్న 114 ఊళ్లు డి తరగతిలో పడ్డాయి. అక్కడ కొత్తగా డబ్బు పెట్టరాదు, ఇళ్లు పాతబడిన కొద్దీ కూల్చి జనాన్ని వేరేచోటికి తరలించాలి. గని పోయినా మేము ఇక్కడే ఉంటామని జనం మొండికేశారు. చాలా ఊళ్లు ఆ మొండితనం వల్లనే మిగిలాయి. 1970లలో ఆ విధానాన్ని వదిలేశారు. గనికోసం పుట్టిన ఊరికి గని లేకపోతే బతికే హక్కు లేదనుకున్నది పరాయి దొరలు కాదు, గని కార్మికుల ఓట్లతో గెలిచిన పెద్దలే. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఈజింగ్టన్ ఆ జాబితాలో పడకపోయినా, 1984 మార్చి నుంచి 1985 మార్చి వరకు సాగిన సమ్మెలో ఏడాది పాటు జీతం లేకుండా గడిపింది. ఆ రోజుల్లో ఊరి ఆడవారు సామూహిక వంటశాల నడిపి కుటుంబాలకు అన్నం పెట్టారు. వీలైతే జులైలో రెండో శనివారం డర్హమ్ నగరానికి వెళ్లి గాలా చూడండి. 1871లో మొదలైన ఆ జాతరలో ఒక్కో ఊరివారు తమ గని సంఘపు పట్టు బ్యానరును బ్యాండు మేళంతో ఊరేగిస్తారు. ఏడాదిలో గనిలో ఎవరైనా చనిపోయి ఉంటే ఆ ఊరి బ్యానరుకు నల్లని వస్త్రం కట్టడం ఆచారంగా ఉండేది. గనులన్నీ పోయినా బ్యానర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

జవాబు: బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు

అందరూ చక్కగా రాశారు గాని, మాస్టారి చివరి ప్రశ్నకు నా జవాబు వేరు. డర్హమ్ పద్ధతిని యథాతథంగా గరివిడి ప్రాంతానికి తెచ్చుకుంటే చరిత్ర తప్పుదారి పడుతుంది. ఇక్కడ ఊరు ముందు, గని తరువాత. 1890ల తొలినాళ్లలో విజయనగరం మైనింగ్ కంపెనీ మాంగనీసు తవ్వడం మొదలుపెట్టేనాటికే గర్భాం, కోడూరు ఊళ్లుగా ఉన్నాయి. వాటికి చెరువులు, గ్రామదేవతలు, విజయనగరం సంస్థానానికి కట్టవలసిన శిస్తులు ఉన్నాయి. మేట్ గారి మామ్మ చెప్పినట్టు, నాట్ల రోజున గనిని వదిలి పొలానికి పోగలిగిన మనిషిని బాండు రాసిన మనిషితో పోల్చడం కుదరదు. ఆమెకు సొంత గుడిసె ఉంది, కావాలంటే వెనక్కి వెళ్లడానికి చేను ఉంది. పేదరికం ఉంటే ఉండవచ్చు, అది వేరే సంగతి.

పోలిక పెట్టదలచుకుంటే కంపెనీ క్వార్టర్లతో పెట్టాలి. 1950లలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం చుట్టూ వెలసిన శ్రీరామ్‌నగర్ లాంటి కాలనీకి మాత్రమే ‘ఇల్లు ఎవరిది’ అన్న ప్రశ్న సూటిగా తగులుతుంది.

చీపురుపల్లి మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. బొబ్బిలి వారి అభ్యంతరం నాకు సబబుగానే తోచింది. అయితే మన ఊళ్లకు ‘ఇల్లు ఎవరిది’ అన్నదానికి బదులుగా ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి? ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: కోట వీధి పాఠకుడు, విజయనగరం

బొబ్బిలి వారితో నేను మూడు వంతులు ఏకీభవిస్తాను. మన దగ్గర అడగవలసినది నేల ఎవరిది అన్న ప్రశ్న. గని హక్కు సంస్థానానిది, సాగు రైతుది, తవ్వకం కంపెనీది. ఈ మూడింటికీ పొత్తు కుదరని చోటనే మన గని ఊళ్ల చరిత్ర ఉంది. తవ్వి పోసిన మట్టి ఎవరి చేల మీద పడింది, గుంతల్లో నిలిచిన నీరు ఎవరికి దక్కింది, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత లీజులు ఎవరి పేరుకు మారాయి అన్నవి అడగాలి. నాలుగో వంతు మాత్రం వదలను. ఇంగ్లండుకు వెళ్లిన మన మాంగనీసు అక్కడి ఉక్కు కొలుముల్లోనే కరిగింది. ఆ కొలుములను మండించిన కోకు డర్హమ్ లాంటి చోట్ల తవ్విన బొగ్గు నుంచి తయారైనదే. గర్భాం కూలికీ డర్హమ్ కార్మికుడికీ కొనుగోలుదారు ఒక్కడే అన్న సంగతిని మీ రచనలో ఒక అధ్యాయమైనా గుర్తుంచుకోవాలి.

ఆధారాల విషయానికి వస్తే, డర్హమ్ వారికి పదేళ్లకొకసారి తీసిన జనాభా లెక్కల పత్రాలు గొప్ప నిధి. ఇంటింటికీ ఎవరున్నారు, ఏ ఊళ్లో పుట్టారు, ఏ పని చేస్తారు అన్నది పేరుతో సహా ఉంటుంది. వందేళ్లు నిండాక వాటిని అందరికీ తెరుస్తారు. 1921 నాటివి 2022లో తెరిచారు. ఒక బారులో పక్కపక్క ఇళ్లలో ఐర్లండులో పుట్టినవారు, కార్న్‌వాల్ నుంచి వచ్చినవారు కనబడితే వలస ఎటు నుంచి జరిగిందో తెలిసిపోతుంది. 1931 పత్రాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, వాటి కోసం వెతకవద్దు. మన దేశపు జనాభా లెక్కల్లో వ్యక్తుల పేర్లున్న పత్రాలు బయటకు రావు గనుక ఆ దారి మనకు మూసుకుపోయినట్టే.

మనకున్నవి వేరు. భూగర్భ సర్వే శాఖకు చెందిన ఫెర్మర్ 1909లో వెలువరించిన మాంగనీసు నిక్షేపాల బృహద్గ్రంథం ఉంది. కోడూరు పేరు మీదనే అక్కడి శిలకు కోడురైట్ అని పేరు పెట్టినది ఆయనే. ఎస్టేట్ల రద్దు తరువాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగళ్లు అనే భూమి రికార్డుల్లో సర్వే నంబరు వారీగా ఏది గని, ఏది మెట్ట, ఏది చెరువు అన్నది దొరుకుతుంది. వాటితో పాటు లీజు పటాలు సంపాదించండి. మీరు మాస్టారు గనుక రెవెన్యూ కార్యాలయంలో నకలు అడిగితే కాదనరనే అనుకుంటున్నాను. ముందు ఒక్క గర్భాం పటం మీద ఊరి ఇళ్లు, గని హద్దులు, మట్టి దిబ్బలు గుర్తించుకొని, ఆ తరువాతే ఆ పటాన్ని చంకన పెట్టుకొని పెద్దవాళ్ల దగ్గరకు వెళ్లండి. వట్టి చేతులతో వెళ్లి పాత సంగతులు చెప్పమంటే అందరూ ఒకే కథ చెబుతారు. సర్వే నంబరు చూపించి ఈ చేను మీ తాతగారిదేనా అని అడిగితే మాట వేరుగా ఉంటుంది. మేట్ గారు తోడు వస్తే మరీ మంచిది, గుంతను చూసి ఏ బెంచీ ఏ కాలంలో కట్టారో ఆయన చెప్పగలరు.

జవాబు: మైనింగ్ మేట్, గరివిడి

తప్పకుండా వస్తాను మాస్టారూ. వానాకాలంలో గుంతలు నిండిపోయి కింది బెంచీలు కనబడవు కాబట్టి, సంక్రాంతి వెళ్లాక పెట్టుకుందాం.